పరుల గుట్టు: చిన్న కొట్టు, పెద్ద సంస్థ



కొలది మాసముల క్రిందట తెనాలిలోని మా యింటికి నా పూర్వశిష్యుడొకడు వచ్చెను. చిన్ననాడు నాయొద్ద శబ్దములు వల్లించినవాడు. ఇప్పుడు రక్తపరీక్షలు చేయు చిన్న ల్యాబు నడుపుకొనుచున్నాడు. తానును, భార్యయు, ఇద్దరు కుఱ్ఱవాండ్రును పనిచేయుదురు. ఒక గది, రెండు యంత్రములు, ఒక కంప్యూటరు, మూడు సెల్‌ఫోనులు: అదియే వాని సంస్థ.

వాడు నాచేతి కొక కాగితము నిచ్చెను. క్రొత్తచట్టము వచ్చినదనియు, రోగుల వివరములు బయటపడినచో రెండువందల యేబది కోట్ల రూపాయల వఱకు జరిమానా పడుననియు, తమకు రుసుము చెల్లించినచో అన్నియు సరిచేసి పెట్టుదుమనియు ఎవరో అచ్చువేసి పంచిన కాగితమది.

"మాస్టారూ, నా ల్యాబు గోడలతో సహా అమ్మినా ఎంత వస్తుందో మీకు తెలుసు. ఇది నిజమేనా? నిజమైతే రేపే తలుపు మూసేస్తాను," అని వాడు దిగులుగా అడిగెను.

నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. ఏలయన, అదే నిమిషమున నాకు మా అక్కగారు జ్ఞప్తికి వచ్చిరి. కొన్నియేండ్ల క్రిందట ఆమెకొక జబ్బు చేసినది. ఏ జబ్బో, ఏ యూరిలోనో చెప్పను. ఆమె పరీక్షాఫలితము ఆమెకంటె ముందు వీధికి తెలిసెను. పరీక్ష చేసినచోట పనిచేయు కుఱ్ఱవాడొకడు ఆ కాగితమును సెల్‌ఫోనులో ఫొటో తీసి మిత్రునికి పంపెనట. మిత్రుడు మఱియొకనికి పంపెను. మూడవనాటికి నీళ్లబిందె తెచ్చు మనిషికూడ ఆమెను వింతగా చూచెను. జబ్బు నయమైనది. ఆమె మాత్రము ఆఱుమాసములు గుడికి పోలేదు, పేరంటమునకు పోలేదు.

కనుక నాయెదుట ఇద్దఱున్నారు. ఒకరు గుట్టు పోగొట్టుకొన్న మా అక్కగారు, రెండవవాడు చట్టమునకు జడిసి కూడు పోవునని భయపడుచున్న నా శిష్యుడు. ఈ యిద్దఱికిని న్యాయము చేయు మార్గమున్నదా యనునదే నేటి నా ప్రసంగవిషయము. పాతకథనుండి మొదలు పెట్టెదను.

పరులది మనచేత నున్నప్పుడు మనమెట్లు మెలగవలెనన్న విచారము మన పెద్దలకు క్రొత్తది కాదు. ధర్మశాస్త్రములందు వ్యవహారపదములు పదునెనిమిదింటిలో నిక్షేపమొకటి. నమ్మి దాచుమని యిచ్చిన సొమ్మునకు నిక్షేపమని పేరు. యాజ్ఞవల్క్యస్మృతి 'ఉపనిధి' యను మఱియొక మాట చెప్పినది. పెట్టెలోనేమున్నదో చెప్పకుండ, ముద్రవేసి, ఒకరిచేతి కిచ్చినది ఉపనిధి. దానిని పుచ్చుకొన్నవాడు ముద్ర విప్పరాదు, తాను వాడుకొనరాదు, అడిగినప్పుడు పుచ్చుకొన్నట్లే తిరిగి యీయవలెను. రాజువలన గాని, దైవమువలన గాని, దొంగలవలన గాని పోయినచో వానిపై తప్పులేదు. యజమాని యడిగినను ఈయక యుంచుకొన్న పిమ్మట పోయినచో మాత్రము తప్పు వానిదే. తన యిష్టము చొప్పున వాడుకొన్నచో దండన కలదు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. దాని ననుసరించి పదమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన తెనుగున 'విజ్ఞానేశ్వరీయము' రచించెను. కావున ఈ ధర్మము తెనుగువానికి తెనుగులోనే అందియుండెను.

ఇందులో గమనింపదగినది, ముద్రవేసిన పెట్టె. లోపలి వస్తువుకంటె లోపలనేమున్నదో తెలియకుండుట ముఖ్యమైన సందర్భములున్నవని మన పూర్వులు గుర్తించిరి. నేటి రక్తపరీక్షా కాగితము అట్టి పెట్టెయే. దానిని దొంగ యెత్తుకొని పోనక్కఱలేదు. ఒక్కమాఱు చూచినచాలును, నష్టము జరిగినట్లే.

వ్రాతలో నెంత బలమున్నదో మీకు నేను చెప్పనవసరములేదు. కరణముగారి దప్తరమును మీలో పెక్కుమంది యెఱుగుదురు. ఎవరి భూమి యెంత, ఎవరి శిస్తు బాకీ యెంత, ఎవరి సరిహద్దు తగాదా యెక్కడ, అంతయు ఆ గుడ్డమూటలో నుండెడిది. ఆ మూట కరణముగారి యింటిలో నుండెడిది. మంచి కరణమున్న గ్రామమునకది రక్షణ, చెడ్డ కరణమున్న గ్రామమునకది భయము. 1984వ సంవత్సరారంభమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కరణ, మునసబు పదవులను రద్దుచేసినది. పదవి పోయినది గాని, వ్రాతను చేతనుంచుకొన్నవానికి ఎదుటివానిపై నుండు బలము పోలేదు. అది చేతులు మారినది, అంతే.

స్వతంత్ర భారతమున ఈ గుట్టునకు చట్టముచేత రక్షణ యున్నదా యను ప్రశ్న 1962లో సుప్రీంకోర్టు నెదుట నిలిచెను. ఉత్తరప్రదేశమున ఖరక్‌సింగను నతనిపై దోపిడినేరము మోపిరి. సాక్ష్యములేక విడిచిపెట్టిరి. అయినను పోలీసులు అతని పేర చరిత్రపత్రము నొకటి తెఱచి, అతని రాకపోకలను కనిపెట్టుచు, రాత్రివేళల తలుపు తట్టుచుండిరి. న్యాయమూర్తులలో పెక్కుమంది రాత్రి తలుపు తట్టుట తప్పనిరి గాని, గోప్యత యనునది రాజ్యాంగము హామీయిచ్చిన హక్కు కాదని తీర్పు చెప్పిరి. ఆ తీర్పుతో సమ్మతింపక వేఱుగ వ్రాసినవారు మన కోకా సుబ్బారావుగారు. మనుష్యుని స్వాతంత్ర్యములో గోప్యత యొక ముఖ్యభాగమనియు, కనిపెట్టబడుచున్నానని తెలిసిన మనుష్యుడు స్వతంత్రుడు కాడనియు ఆయన యభిప్రాయము. 1954లో ఆంధ్రరాష్ట్ర హైకోర్టు గుంటూరులో వెలసినప్పుడు దాని మొదటి ప్రధానన్యాయమూర్తి యీయనయే. తెనాలినుండి రైలుపై పోయి మనవారు ఆ కోర్టులో వ్యాజ్యములు నడిపినారు. ఆయన చెప్పిన మాట నాడు చెల్లలేదు. ఏబదియైదేండ్లు వేచియుండవలసివచ్చినది.

నడుమ మన రాష్ట్రమునుండియే మఱియొక వ్యాజ్యము వచ్చెను. 1986లో ఆంధ్రప్రదేశ శాసనసభ స్టాంపుచట్టమును సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన మనుష్యుడు బ్యాంకులోనికి పోయి ఖాతాదారుల కాగితములను పరిశీలింపవచ్చునని, తీసికొనిపోవచ్చునని యేర్పఱచెను. బ్యాంకులు ఎదురుతిరిగినవి. రాష్ట్ర హైకోర్టు ఆ సవరణను కొట్టివేసినది. కెనరా బ్యాంకు వ్యాజ్యమని పేరొందిన ఆ తీర్పును 2004 నవంబరులో సుప్రీంకోర్టు ఖాయపఱచెను. గోప్యత యనునది స్థలములకు కాదు, మనుష్యులకు సంబంధించినదని ఆ తీర్పు సారము. నీ కాగితము బ్యాంకులోనున్నంతమాత్రమున అది నీ గుట్టు కాకుండ పోదు. పెట్టె పరుని యింటనున్నను ముద్ర యజమానిదే యన్న పాతధర్మమే ఇది.

తుదకు 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామిగారి వ్యాజ్యమున గోప్యత ప్రాథమికహక్కేయని ఏకగ్రీవముగా తేల్చిరి. సుబ్బారావుగారి భిన్నాభిప్రాయమే సరియైనదని యంగీకరించిరి. దాని ఫలముగా 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టము వచ్చినది. 2025 నవంబరులో దాని నియమములు వెలువడినవి. ప్రధానవిధులను అమలుపఱచుటకు 18 మాసముల గడువిచ్చి ప్రకటించిరి. నా శిష్యుని చేతికాగితము ఈ చట్టమును గూర్చినదే.

చట్టము చెప్పునదేమి? ఇతరుల వివరములను కంప్యూటరులోనో సెల్‌ఫోనులోనో చేపట్టి, వానినేమి చేయవలెనో నిర్ణయించువానికి 'డేటా ఫిడ్యూషియరీ' యని పేరుపెట్టినది. నేను వానిని న్యాసధారి యందును. న్యాసధారి యే పనికొఱకు వివరమడుగుచున్నాడో ముందు తెలియజెప్పవలెను. ఆ తెలియజెప్పుట ఇంగ్లీషులో గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో మనము కోరినదానిలో గాని పొందు హక్కు మనకు కలదు. అనగా తెనుగులో అడుగవచ్చును. సమ్మతి పుచ్చుకొనవలెను. ఇచ్చిన సమ్మతిని మనము వెనుకకు తీసికొనవచ్చును. పని తీరిన పిమ్మట, వేఱొక చట్టము దాచుమని చెప్పిననే తప్ప, ఆ వివరమును చెఱిపివేయవలెను. తగిన కాపుదల చేయవలెను. గుట్టు బయటపడినచో బాధితులకును, డేటా సంరక్షణ మండలికిని తెలుపవలెను. ఇవన్నియు న్యాయమైన మాటలే. ఆ నాడుండియుండినచో మా అక్కగారి కొకదారి దొరకియుండెడిది.

అయినను ఒక చిక్కున్నది. చట్టము మాటలో అందఱికి నొకటే. బరువులో ఒకటి కాదు.

లెక్కకొఱకు ఇట్లనుకొందము. నోటీసు వ్రాయించుటకు, కంప్యూటరు సరిచేయించుటకు, న్యాయవాది సలహాకు ఏటికి లక్షరూపాయలు ఖర్చగుననుకొనుడు. సంవత్సరమునకు ఐదువేలమంది రోగులు వచ్చు ల్యాబునకు తలకు ఇరువదిరూపాయలు పడును. కోటిమంది ఖాతాదారులున్న సంస్థ దానికి నూరింతలు, అనగా కోటిరూపాయలు ఖర్చుచేసినను తలకొక రూపాయియే. రెండెకరముల రైతును, రెండువందల యెకరముల రైతును ఒకే కొలత నూయి త్రవ్వవలెనన్నట్లుండును. త్రవ్వకపు ఖర్చు పొలమునుబట్టి తగ్గదు.

ఇంతకంటె కఠినమైనది మఱియొకటి కలదు. నా శిష్యుడు పరీక్షాఫలితములను తన కంప్యూటరులోనే దాచుటలేదు. ఒక పెద్దసంస్థ యమ్మిన సాఫ్ట్‌వేరులో దాచుచున్నాడు. అవి యెక్కడనో దూరమున నున్న యంత్రములలో నుండును. చట్టముప్రకారము అక్కడ పొరపాటు జరిగినను రోగులకు జవాబుదారి న్యాసధారియే, అనగా నా శిష్యుడే. పెద్దవానితో వ్రాసికొన్న ఒడంబడిక ఆ బాధ్యతను తప్పింపదు. రోగి యెఱిగిన ముఖము వీనిదే కనుక ఆ నియమములో న్యాయము లేకపోలేదు. కాని పెద్దసంస్థ ఒడంబడికలో ఒక్క యక్షరమును మార్చుమనుటకు వీనికి శక్తి యెక్కడిది?

మంచి యుద్దేశముతో చేసిన చట్టము చిన్నవానిపై నెట్లు పడునో మన దేశము ఒకమాఱు చూచియున్నది. 1963 జనవరిలో బంగారపు దొంగరవాణాను అణచుటకై కేంద్రప్రభుత్వము స్వర్ణనియంత్రణము తెచ్చెను. పదునాలుగు కారెట్లకు మించిన బంగారముతో క్రొత్తనగలు చేయరాదనెను. ఆ కట్టుబాటును 1966లో సడలించిరి. 1968లో ప్రత్యేకచట్టము వచ్చి లైసెన్సులు, ధ్రువపత్రములు, లెక్కపుస్తకములు విధించెను. ఆనాడు మా వీధిలో నొక స్వర్ణకారుడుండెడివాడు. కుంపటి, ఊదుగొట్టము, పటకారు వాని యాస్తి. చేతి పనిలో తెనాలిలో వానికి సాటి తక్కువ. లెక్కపుస్తకము వ్రాయుట వానికి రాదు. మా తండ్రిగారిచేత కొన్నాళ్లు వ్రాయించుకొనెను. పిమ్మట కుంపటి ఆర్పి, కుమారుని పట్టణమునకు పంపి, తాను ఒక పెద్ద నగలకొట్టులో కూలికి కూర్చుండెను. గుమాస్తాను పెట్టుకొనగలిగిన కొట్టు నిలిచెను. 1990లో ఆ చట్టమును రద్దుచేసిరి. చట్టము పోయినది గాని, ఆర్పిన కుంపటి మరల రాజలేదు. చట్టము చేయువారు జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి యిది.

ఇతరదేశముల యనుభవమును ఇట్లే యున్నది. ఐరోపా సమాఖ్యలో 2018 మే 25వ తేదీనుండి జీ.డీ.పీ.ఆర్. అను డేటాచట్టము అమలులోనికి వచ్చెను. జరిమానా రెండుకోట్ల యూరోలు గాని, ప్రపంచవ్యాప్త వ్యాపారములో నూటికి నాలుగువంతులు గాని, ఏది యెక్కువయైన నంతవఱకు వేయవచ్చును. అమలైన వెంటనే ఏమి జరిగెనో పరిశోధకులు కొందఱు వేలకొలది వెబ్‌సైట్లను పరిశీలించి చూచిరి. వెబ్‌సైట్లవారు భయపడి, తమకు సాంకేతికసేవలందించు బయటిసంస్థలను తగ్గించుకొనిరి. అట్లు తగ్గించునప్పుడు చిన్నసంస్థలను విడిచి పెద్దవానిని, ముఖ్యముగా గూగులును, ఉంచుకొనిరి. పెద్దల బలమును తగ్గింపవలెనన్న చట్టము మొదటి మాసములలో పెద్దలవంతును పెంచినది. 2023 మే మాసమున ఫేసుబుక్కునకు యజమానియైన మెటా సంస్థకు 120 కోట్ల యూరోల జరిమానా వేసిరి. ఆ సంస్థ మూతపడలేదు. అందులో సహస్రాంశము పడినను మూతపడు కొట్లు ఊరికి వందలుండును.

ఇది విని మీలో కొందఱు, "అట్లయినచో చిన్నవారిని చట్టమునుండి విడిచిపెట్టవలెను" అందురు. నేనును మొదట అట్లే తలచితిని. తలచి, రెండు పాతపరిచయములున్న ఊళ్లకు పోయి చూచివచ్చితిని. నేను ఉద్యోగము చేసిన ఊళ్లవి.

మొదట బాపట్ల పోతిని. అక్కడ ఒక ట్యూషను మాస్టరు అఱువదిమంది పిల్లలకు లెక్కలు చెప్పుచున్నాడు. పిల్లల పేర్లు, మార్కులు, తల్లిదండ్రుల ఫోను నంబరులు ఆయన సెల్‌ఫోనులో నున్నవి. ఒకరు వచ్చి నంబరునకింత యని బేరము పెట్టిరట. ఆయన పంపివేసెను. "చదువు చెప్పమని పంపారు గాని, నంబర్లు అమ్మమని పంపలేదు కదండీ," అనెను. చట్టము చదువకయే ధర్మమెఱిగిన మనుష్యుడు.

పిమ్మట రేపల్లె పోతిని. తెనాలినుండి ఆ కొసవఱకు పోవు రైలుబండిలో కూర్చున్నప్పుడు పొలముల పచ్చదనము చూచుచు మనసు నిమ్మళించును. దిగిన పిమ్మట ఒక జిరాక్సు కొట్టునకు పోతిని. అక్కడనే దరఖాస్తులు కంప్యూటరులో పంపుదురు. యజమాని మర్యాదస్థుడు. కుర్చీ వేయించెను. వాని కంప్యూటరులో చుట్టుప్రక్కల గ్రామములవారి ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకముల మొదటిపుటలు, పట్టాదారు పుస్తకములు, ఫొటోలు, ఏండ్ల తరబడి పోగుపడియున్నవి. "మళ్లీ వస్తే పనికొస్తాయని ఉంచానండీ," అనెను. సంకేతపదము గోడమీద కాగితముపై వ్రాసియున్నది. ఆ మనుష్యునిలో దుర్బుద్ధి లేదు. కాని ఆ కొట్టులోనికి దుర్బుద్ధిగలవాడు ఒక్క రాత్రి వచ్చినచాలును, వేలకుటుంబముల యాస్తిపాస్తులకు తాళపుచెవి వాని చేతిలో పడును.

చిన్నవాడైనంతమాత్రమున అపాయము చిన్నది కాదనుటకు ఇంతకంటె ఘోరమైన నిదర్శనము మన కండ్లయెదుట జరిగినది. 2020లో కరోనా కాలమున సెల్‌ఫోనుద్వారా అప్పులిచ్చు యాపులు విరివిగా వచ్చినవి. అప్పు తీసికొనువాని ఫోనులోని నంబరులన్నియు, ఫొటోలన్నియు అవి లాగుకొనెడివి. వాయిదా తప్పినచో బంధువులకు, తోటియుద్యోగులకు ఫోనుచేసి, బొమ్మలు మార్చి పంపి, పరువు తీసెడివి. మన తెలుగునాట ఆ యవమానము భరింపలేక ప్రాణములు తీసికొన్నవారున్నారు. 2020 డిసెంబరులో తెలంగాణ పోలీసులు పలువురిని నిర్బంధించిరి. 2022 సెప్టెంబరులో రిజర్వుబ్యాంకు నియమములు చేసి, అప్పుల యాపులు ఫోనులోని నంబరులను, ఫొటోలను, మాటలాడిన జాబితాలను తాకరాదనెను. ఆ యాపులలో ననేకము పేరు కూడ ఎవరు నెఱుగని చిన్నసంస్థలవి. చిన్నవారికి విడుపు అని చెప్పినచో మొదట దూరువారు వీరే.

కావున మూడు చిన్నకొట్లు చూచిన పిమ్మట నాకొక విషయము స్పష్టమైనది. ట్యూషను మాస్టరును, జిరాక్సు కొట్టువాడును, నా శిష్యుడును ముగ్గురును చిన్నవారే. వారిచేతిలోని బరువు మాత్రము ఒకటి కాదు. చట్టపుబరువును కొట్టు కొలతనుబట్టి కాక, ఆ కొట్టులో దాచిన పరుల గుట్టు కొలతనుబట్టి నిర్ణయింపవలెను. ఎంతమందిది? ఎట్టిది? ఎంతకాలము? ఈ మూడు ప్రశ్నలు వేసినచో చిన్నవానికి న్యాయము జరుగును, మోసగానికి విడుపు దొరకదు.

ఇది నా యూహ మాత్రమే కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2018లో చేసిన చట్టములో సంస్థ రాబడిని మాత్రమే చూడలేదు. ఎంతమంది వివరములు చేపట్టినది, రాబడిలో సగము ఆ వివరములను అమ్మియే సంపాదించుచున్నదా యనియు చూచినది. మన చట్టములోను ఆ బీజమున్నది. డేటా యొక్క పరిమాణమును, సున్నితత్వమును, జనులకు కలుగు ముప్పును చూచి కొన్ని సంస్థలను ముఖ్యన్యాసధారులుగా ప్రకటించి, వారిపై ప్రత్యేకాధికారిని, స్వతంత్ర ఆడిటరును నియమించు భారము మోపవచ్చును. రెండుకోట్ల వాడుకదారులకు తక్కువకాని పెద్ద వ్యాపార యాపులు, మూడేండ్లు రాని ఖాతాదారుని వివరములు చెఱపవలెనని నియమములందున్నది. అట్లే డేటా పరిమాణమును, స్వభావమును చూచి కొన్నితరగతులవారికి కొన్ని విధులను సడలించు నధికారము 17వ సెక్షనులో కేంద్రప్రభుత్వమునకు కలదు. అందు స్టార్టపుల పేరు ప్రత్యేకముగా నెత్తినారు. కాని స్టార్టపనగా గుర్తింపుపొందిన కంపెనీయో, భాగస్వామ్యసంస్థయో కావలెను. బెంగుళూరులో పెట్టుబడి తెచ్చుకొన్న యువకుల కంపెనీ యందులో నిముడును. స్వంతపేర నడుపుకొను తెనాలి ల్యాబు ఇమడదు. ఆ యధికారమును ఇట్టి వీథికొట్లకును, దాచిన గుట్టుయొక్క కొలతనుబట్టి, వినియోగింపవలెనని నా మనవి. తెనుగులో నమూనా నోటీసులను ప్రభుత్వమే అచ్చువేసి యిచ్చినచో, వర్తకసంఘములు పదికొట్లకొక తెలిసినవానిని పెట్టుకొన్నచో, ఆ లక్షరూపాయల లెక్క పదింట నొకవంతునకు దిగును.

నా శిష్యునికి నేనేమి చెప్పితినో వినిపించి ముగించెదను.

"నాయనా, తలుపు మూయవద్దు. రెండువందల యేబదికోట్లు గరిష్ఠపు హద్దు గాని, ధర గాదు. మండలి జరిమానా వేయునపుడు తప్పు ఎంతటిదో, నీవు సరిదిద్దుటకేమి చేసితివో, ఆ జరిమానా నీపై నెట్లు పడునో చూడవలెనని చట్టములోనే యున్నది. కాని, నీవును ఒక పని చేయవలెను. నీయొద్ద అక్కఱకు మించి యున్నదేమో చూడుము" అంటిని.

ఆ యాదివారము ఇద్దఱమును కూర్చుంటిమి. ముగ్గురి సెల్‌ఫోనులలోని వాట్సాపులలో రోగుల కాగితముల ఫొటోలు వందలకొలది యుండెను. ఇద్దరు కుఱ్ఱవాండ్రు వానిని తమ ఫోనులలోనే దాచుకొనిరి. తప్పని వారికి తోచలేదు. ఆ ఫోనులలోనివన్నియు చెఱిపించితిమి. దాచితీరవలసినవానిని తాళమున్న ఒక్కచోట నుంచితిమి. ఇక ఫలితమును పంపుటకు ల్యాబు ఫోను ఒక్కటే, పంపుమనిషి వాని భార్యయే. రోగి కోరిన నంబరునకే పంపవలెను. గోడపై తెనుగులో నాలుగు పంక్తులు నేనే వ్రాసియిచ్చితిని: మీ వివరములెందుకడుగుచున్నాము, ఎంతకాలముంచుదుము, ఎవరికి చూపము, పొరపాటైనచో ఎవరినడుగవలెను. ఖర్చు అట్టముక్కకును, రంగునకును అయినది. దీనితో చట్టవిధులన్నియు తీఱినవని నేననను. తక్కినవానికి తెలిసినవారి సహాయము కావలెను. కాని మా అక్కగారికి జరిగినది మరియొక ఆడుపడుచునకు ఆ ల్యాబులో జరుగుట యికమీదట కష్టము.

లేనిదానిని కాపాడ నక్కఱలేదు. ఎంత తక్కువ దాచిన అంత తక్కువ భయము. పెద్దసంస్థకు పరుల వివరమే పెట్టుబడి కనుక ఆ మాట దానికి చేదు. చిన్నకొట్టునకు రోగియో, రైతో, బిడ్డయో ముఖ్యముగాని వారి వివరము కాదు కనుక ఆ మాట వానికి తేలిక. ఈ యొక్క విషయమున చిన్నవానికే పైచేయి కలదు. ఆ పైచేయిని వాడు వినియోగించుకొనవలెను, ప్రభుత్వము గుర్తింపవలెను.

గ్రామపెద్దలైన మీకొక మనవి. రేపు మీరు జిరాక్సు కొట్టునకో, ల్యాబునకో పోయినప్పుడు కాగితమందించుచు, "నాయనా, పని అయినాక దీన్ని తీసేస్తావా?" అని యడుగుడు. తిట్టవలదు, బెదిరింపవలదు. పెద్దవారు మూడుమార్లడిగినచో నాలుగవమారు వాడు తానే తీసివేయును. నేను మరల రేపల్లె పోయినప్పుడు ఆ కొట్టుగోడమీది సంకేతపదపు కాగితము లేదు. కంప్యూటరులోని పాత కాగితముల మాట మాత్రము అడిగితిని. "సగం తీసేశానండీ, మాస్టారూ," అనెను. మిగిలిన సగము కొఱకు వచ్చేమాసము మరల పోవలసియున్నది.

సెలవు.